మీకు తెలుసా? సూరత్ షరాబు గీటురాయి, అమెరికా బంగారు నక్షత్రం

అమెరికావాళ్లు ఒకప్పుడు నాలుగు డాలర్ల బంగారు నాణెం అచ్చువేశారని మీకు తెలుసా? అప్పటికే వాళ్ల దగ్గర ఒక డాలరుకీ, రెండున్నరకీ, మూడుకీ, అయిదుకీ, పదికీ, ఇరవైకీ విడివిడిగా బంగారు నాణేలున్నాయి. వాటి మధ్య ఈ నాలుగేమిటి? ఎవరడిగారు?

అడిగినాయన పేరు జాన్ కాసన్. 1870ల చివర్లో వియన్నాలో అమెరికా రాయబారి. యూరప్‌లో అప్పుడొక ఒప్పందం నడుస్తోంది. 1865లో ఫ్రాన్స్, బెల్జియం, ఇటలీ, స్విట్జర్లాండ్ కలిసి తమ నాణేల తూకం, మేలిమి ఒకటిగా పెట్టుకున్నాయి. ఫ్రాన్సు 20 ఫ్రాంకుల బంగారు బిళ్ళ పట్టుకుపోతే ఇటలీలోనూ చెల్లుతుంది. ఒప్పందంలో చేరకపోయినా ఆస్ట్రియా కూడా దానికి సరిజోడుగా 8 ఫ్లోరిన్ల నాణెం వేసింది. మనం కూడా అలాంటిది ఒకటి వేస్తే మన వ్యాపారులకూ యాత్రికులకూ ఊరూరా మారకం బాధ తప్పుతుంది కదా అన్నది కాసన్ ఆలోచన. అమెరికా పార్లమెంటులో నాణేల కమిటీకి అధ్యక్షుడైన అలెగ్జాండర్ స్టీఫెన్స్‌కు అది నచ్చింది. నమూనాలు చేయించి పంపమని ఆర్థిక మంత్రి జాన్ షెర్మన్‌కు ఉత్తరం రాశాడు. అలా 1879లో ఫిలడెల్ఫియా టంకశాలలో పుట్టింది స్టెల్లా. లాటిన్‌లో నక్షత్రం. నాణెం వెనకవైపు అయిదు కొమ్ముల నక్షత్రం, దాని పొట్టలో 'ఒక స్టెల్లా, 400 సెంట్లు' అన్న అక్షరాలు.

ముందువైపు స్వేచ్ఛాదేవి తల. ఛార్లెస్ బార్బర్ పేరుతో ఉన్న నమూనాలో జుట్టు విరబోసుకుని ఉంటుంది. జార్జ్ మోర్గాన్ చెక్కినదాంట్లో జడచుట్టు. బొమ్మకన్నా వింత ఆ తల చుట్టూ రాసిన లెక్క. 6 గ్రాముల బంగారం, 0.3 వెండి, 0.7 రాగి, మొత్తం 7 గ్రాములు అని అంచు పొడవునా చెక్కారు. రాజుల పేర్లు, దేవుడి పేర్లు, తారీఖులు నాణేల మీద చూస్తాం. తన ఒంట్లో ఏముందో తానే ఒప్పుకునే నాణెం అరుదు.

ఇక్కడ సూరత్‌లో చౌక్ బజార్ మీదుగా పోతున్నప్పుడల్లా నాకొకటి అనిపిస్తుంది. ఈ స్టెల్లాను తీసుకెళ్లి 350 ఏళ్ల కిందటి సూరత్ షరాబు, అంటే నాణేలు పరీక్షించి మార్చి ఇచ్చేవాడి ముందు పెట్టి ఉంటే? ఆయన ఆ రాతను చదవడు. చదివినా నమ్మడు. తక్కెడ తీస్తాడు, గీటురాయి తీస్తాడు. ఫ్రాన్సు 20 ఫ్రాంకుల బిళ్ళనూ పక్కన పెట్టమంటాడు. అది 6.45 గ్రాములు, పదింట తొమ్మిది వంతులు బంగారం. అంటే మేలిమి 5.8 గ్రాములు. స్టెల్లాలో ఆరు. 'ఈ రెండూ ఒకటెలా అవుతాయి సేఠ్? వందకు మూడు పైన తేడా ఉంది' అంటాడు. స్టెల్లాను ఏ పని కోసం పుట్టించారో సరిగ్గా ఆ పనికే అది పనికిరాదు. దగ్గరగా ఉంది గానీ సమానం కాదు. బంగారం దగ్గర 'దగ్గరగా' అనేది చెల్లే మాట కాదు. చివరికి అమెరికా పార్లమెంటు కూడా దాన్ని పక్కనపెట్టేసింది. స్టెల్లా నమూనాగానే మిగిలింది.

నమూనా నాణెం అంటే అదే. కొత్త నాణెం వేద్దామా వద్దా అని తేల్చుకోవడానికి టంకశాల ముందుగా కొన్ని బిళ్ళలు చేసి పెద్దల చేతిలో పెడుతుంది. ఒప్పుకుంటే బజారుకొస్తుంది, లేకపోతే లేదు.

*

షరాబు గురించి మాట వచ్చింది కాబట్టి ఇది వినండి. ఫ్రెంచి రత్నాల వర్తకుడు తవెర్నియే పదిహేడో శతాబ్దంలో మన దేశానికి పలుమార్లు వచ్చాడు. సూరత్ రేవు, గోల్కొండ వజ్రాల గనులు రెండూ చూసినవాడు. డబ్బు వ్యవహారంలో తుర్కీ దేశపు వడ్డీవ్యాపారులు మహా ఘటికులని ఆ రోజుల్లో పేరు. హిందుస్థానం షరాబుల ముందు వాళ్లు శిష్యరికానికి కూడా సరిపోరని తవెర్నియే తేల్చేశాడు. ఎందుకన్నాడో ఒక్క సంగతితో తెలుస్తుంది. బంగారాన్ని గీటురాయి మీద గీస్తే సన్నటి గీత పడుతుంది కదా. ఆ గీతలో అంటుకున్న బంగారమెంత? ఊదితే పోయేంత. మన షరాబు దాన్ని కూడా పోనిచ్చేవాడు కాదు. నల్ల కీలు సగం, మెత్తటి మైనం సగం కలిపి ఉండ చేసి పెట్టుకునేవాడు. గీసి చూడ్డం అయ్యాక ఆ ఉండతో రాయిని రుద్దితే గీతలోని బంగారం ఉండకు అంటుకునేది. అలా ఏళ్ల తరబడి రుద్ది రుద్ది, చివరికి ఆ ఉండను కాల్చేసి, అడుగున మిగిలిన బంగారం ఏరుకునేవాడు. మన ఊళ్లలో కంసాలి అంగడి ముందు దుమ్ము ఊడ్చి పట్టుకుపోయేవాళ్లను చూసినవాళ్లకు ఇది వింత అనిపించదు గానీ, తవెర్నియే మాత్రం నోరు వెళ్లబెట్టాడు.

*

అమెరికా డాలరు, సూరత్ రూపాయి ఒక తల్లి బిడ్డలే. ఎలాగంటారా?

మొగలుల కాలంలో సూరత్‌కు బయటి నుంచి వచ్చే వెండిలో పెద్ద వాటా స్పెయిన్ నాణెం రూపంలో దిగేది. దాన్ని 'ఎనిమిది రియాళ్లు' అనేవారు. సుమారు 27 గ్రాముల బరువు. మెక్సికోలో, దక్షిణ అమెరికాలోని పొతోసీ కొండలో తవ్విన వెండి అది. కొంత స్పెయిన్ మీదుగా లండన్, ఆమ్‌స్టర్‌డామ్ చేరి ఇంగ్లీషు, డచ్చి ఓడల్లో నేరుగా సువాలీ తీరానికి వచ్చేది. మరికొంత చేతులు మారుతూ ఎర్రసముద్రం దాకా పోయి, అక్కడి మోఖా రేవులో మన బట్టలకు బదులుగా గుజరాతీ వర్తకుల సంచుల్లో పడేది. ఇప్పుడు ఆదివారం పూట జనం మొక్కజొన్న కంకులు తింటూ తిరిగే సువాలీ బీచే ఆ సువాలీ తీరం. లోతైన నీళ్లున్నది అక్కడే కాబట్టి పెద్ద ఓడలు అక్కడ ఆగేవి; సరుకు ఎడ్లబండ్ల మీద ఊళ్లోకి వచ్చేది.

ఊళ్లోకి వచ్చిన స్పెయిన్ నాణేన్ని ఎవరూ అలాగే వాడుకోలేదు. టంకశాలకు పోవాల్సిందే. మొగలుల పద్ధతి ప్రకారం వెండి తెచ్చిన ఎవరైనా సరే మజూరి కట్టి దాన్ని రూపాయలుగా కొట్టించుకోవచ్చు. ఒక్కో స్పెయిన్ నాణేనికి రెండు రూపాయలకు కాస్త పైన గిట్టేది. ఓడలు దిగిన రోజుల్లో టంకశాల దగ్గర నెట్టుకునేవాళ్లు. వారాలు ఆగాల్సి వచ్చేది. ఆగలేనివాళ్లు షరాబు దగ్గరికి వెళ్లి, వట్టం పోగొట్టుకుని అక్కడికక్కడే రూపాయలు పుచ్చుకునేవాళ్లు. ఇంగ్లీషు కంపెనీ గుమాస్తాల ఉత్తరాల నిండా ఈ ఏడుపే.

అదే స్పెయిన్ నాణెం అవతల అమెరికా వలసల్లోనూ చలామణీలో ఉంది. దేశం స్వతంత్రమయ్యాక 1792లో సొంత డాలరుకు చట్టం చేసుకున్నప్పుడు స్పెయిన్ బిళ్ళనే కొలతగా పెట్టుకున్నారు. 1857 దాకా స్పెయిన్ నాణేలు అక్కడ చట్టబద్ధంగా చెల్లాయి కూడా. ఒక బిడ్డ సూరత్ మూసలో కరిగి పాదుషా పేరు పెట్టుకుంది, ఇంకో బిడ్డ ఫిలడెల్ఫియాలో స్వేచ్ఛాదేవి మొహం పెట్టుకుంది.

*

విమానాశ్రయాల్లో బంగారాన్ని పేస్టు చేసి బట్టల్లో పూసుకొచ్చి దొరికిపోయేవాళ్ల వార్తలు రోజూ చూస్తున్నాం. సూరత్ సుంకం కచేరీకి ఇది పాత సంగతే. వెండి బంగారాల మీద అప్పట్లో నూటికి రెండు సుంకం. అది ఎగ్గొట్టడానికి ఇంగ్లీషు ఓడల కెప్టెన్లు కనిపెట్టిన ఉపాయం తవెర్నియే రాసిపెట్టాడు. యూరప్‌లో అప్పుడే టోపా జుట్టు పెట్టుకోవడం కొత్త ఫ్యాషన్. ఆ సవరం లోపలి వలలో బంగారు నాణేలు కుక్కుకుని, తల ఎత్తుకుని దర్జాగా ఒడ్డుకు దిగేవాళ్లట.

*

మరి చిల్లర సంగతేమిటి? రూపాయికి పైసలున్నాయి. పైసా కన్నా కిందికి? గుజరాత్‌లో బాదంపప్పు. నిజమే. పర్షియా నుంచి వచ్చే చేదు బాదం. పైసాకు 35 నుంచి 40 దాకా. ఆ పప్పు ఎంత చేదంటే పిల్లలు తినేస్తారన్న భయమే లేదు. తియ్యటి బాదమైతే ఈ దేశంలో ఒక్క సంవత్సరం చెల్లేదా?

*

లింబాయత్, ఉధ్నా వైపు మగ్గాల పని మీద స్థిరపడిన తెలుగువాళ్లు సూరత్‌లో వేలమంది. కార్పొరేషన్ వాళ్లు తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడిపారు. మన పిల్లలు అడిగితే చెప్పడానికి ఒక ముక్క: ఆ రోజుల్లో సూరత్‌కు పోటీ రేవు మన మచిలీపట్నమే. ఇంగ్లీషువాళ్లు 1611లో బందరులో దిగారు. సూరత్‌లో వాళ్ల వర్తక కోఠీ నిలదొక్కుకున్నది 1613 నాటికి. రెండుచోట్లా కొనేది బట్టే. తెచ్చే డబ్బు మాత్రం ఒకటి కాదు. సూరత్ వెండి అడిగేది, మన తీరం బంగారం అడిగేది. ఉత్తరాన రూపాయి, దక్షిణాన వరహా. ఏ ఓడలో ఏ పెట్టె ఎక్కించాలో లండన్‌లో కూర్చున్నవాడికి తెలియకపోతే ఇక్కడ వర్తకం ఆగిపోయేది.

ఆ వరహాల్లో ఒకదానికీ స్టెల్లాకూ పోలిక ఉంది. మద్రాసులో కంపెనీ వేసిన నక్షత్ర వరహాకు ఒకవైపు విష్ణుమూర్తి, రెండోవైపు గరుకు నేల మీద అయిదు కొమ్ముల చుక్క. మూడున్నర గ్రాములకు లోపు బరువు. దాని మేలిమి ఏమంత గొప్పది కాదు, నూటికి ఎనభై. అయినా నెల్లూరు నుంచి ఉత్తర సర్కార్ల దాకా పన్నులూ జీతాలూ దాని లెక్కనే సాగాయి. ఎందుకంటే ఆ ఎనభై ఎప్పుడూ ఎనభైయే అని జనానికి తెలుసు. తర్వాత 1807 ప్రాంతంలో యంత్రం మీద వేసిన రెండు వరహాల నాణెం చుట్టూ తెలుగు అక్షరాలు కూడా చూడొచ్చు. 1818లో మద్రాసు ప్రభుత్వం లెక్కలన్నీ రూపాయల్లోకి మార్చింది: నూరు వరహాలకు 350 రూపాయలు.

*

మొగలు రాణుల్లో నాణెం మీద పేరెక్కిన మనిషి నూర్జహాన్ ఒక్కతే. జహంగీరు పేరుతోపాటు ఆమె పేరూ కలిపి 1624 నుంచి 1627 దాకా కొన్ని టంకశాలల్లో నాణేలు వేశారు. వాటిలో సూరత్ ఒకటి. ఇప్పుడు సేకరణకర్తల చేతుల్లో కనిపించే నూర్జహాన్ రూపాయల్లో సూరత్‌వి బాగానే ఉంటాయి. దొంగవి అంతకన్నా బాగా ఉంటాయి, జాగ్రత్త.

ఆ రూపాయిని చేతిలోకి తీసుకుని చూస్తే ముందు నిరాశే కలుగుతుంది. అక్షరాలు అంచు దాటి పోయి ఉంటాయి. ఒకచోట సగం తారీఖు, ఇంకోచోట సగం ఊరిపేరు. పనివాడి చేతకానితనం కాదు అది. వెండిని కరిగించి కడ్డీలు పోసి, ముక్కలు కోసి, ఒక్కో ముక్కనూ తూచి, ఎక్కువైతే కత్తిరించి తక్కువైతే చిన్న తునక అతికి, సుత్తితో గుండ్రంగా సాగగొట్టేవాళ్లు. కింద ఒక అచ్చు, మీద ఒక అచ్చు, మధ్యలో ఈ బిళ్ళ. ఒక్క దెబ్బ. అచ్చు బిళ్ళ కన్నా పెద్దది. కాబట్టి పూర్తి రాత ఏ నాణెం మీదా పడదు. దెబ్బ ఎటు ఒరిగితే ఆ ముక్క పడుతుంది. ఒక రూపాయిలా ఇంకో రూపాయి ఉండదు. సుమారు పదకొండున్నర గ్రాముల తూకం మాత్రం తప్పదు. ఇవాళ 'సూరత్' అన్న పేరూ సంవత్సరమూ రెండూ స్పష్టంగా పడ్డ రూపాయికి వేలంలో ధర పెరుగుతుంది. అప్పటి షరాబుకు అది పట్టనే పట్టదు.

*

ఇక అన్నిటికన్నా రుచికరమైన కథ.

పద్దెనిమిదో శతాబ్దంలో బొంబాయిలోని ఇంగ్లీషు కంపెనీకీ సూరత్ నవాబుకూ ఒక ఒడంబడిక కుదిరింది. బొంబాయి రూపాయీ, సూరత్ రూపాయీ సరిసమానంగా చెల్లాలి. ఇద్దరూ ఒకే మేలిమి పాటించాలి. కాగితం మీద దివ్యంగా ఉంది. కొన్నాళ్లకు నవాబు టంకశాల నుంచి వచ్చే రూపాయల్లో నూటికి పది, పన్నెండు, పదిహేను పాళ్లు కల్తీ కనిపించింది. ఇప్పుడు మీరే షరాబు అనుకోండి. మీ చేతిలో బొంబాయి రూపాయి ఉంది, నిండా వెండి. సూరత్ రూపాయిలో వెండి తక్కువ, విలువ మాత్రం సమానం. ఏం చేస్తారు? బొంబాయి రూపాయలు పోగేసి కరిగించి, సూరత్‌లో కొట్టించుకుంటారు. నూరు పెడితే నూటికి పైన వస్తాయి. సరిగ్గా అదే జరిగింది. బొంబాయి రూపాయలన్నీ కొలిమిలో పడ్డాయి. ఇరవై ఏళ్లపాటు బొంబాయిలో వెండి నాణేల ముద్రణే ఆగిపోయింది. బజారంతా సూరత్ రూపాయలే. చెడ్డ నాణెం మంచి నాణేన్ని తరిమేస్తుందన్న సూత్రాన్ని గ్రెషమ్ పేరుతో అర్థశాస్త్రం పుస్తకాల్లో చదువుకుంటాం. సూరత్‌లో దానికి పుస్తకం అవసరం కాలేదు.

నవాబును తప్పుపట్టడం తేలిక. నాకు మాత్రం కంపెనీవాళ్ల అమాయకత్వమే ఎక్కువ నవ్వు తెప్పిస్తుంది. రెండు టంకశాలలకు ఒకే విలువ అని సంతకాలు పెట్టినవాళ్లు, రెండు టంకశాలల్లోనూ గీటురాయి పెట్టి కూర్చోవద్దూ? స్టెల్లా వెనకున్న యూరప్ ఒప్పందానికీ ఇదే చిక్కు వచ్చింది. ఇటలీలో పోపు టంకశాల తక్కువ వెండితో నాణేలు వేసి గుమ్మరించిందని ఫ్రాన్సు 1870లో వాటిని తీసుకోనంది.

చివరికి 1800లో సూరత్ పాలన కంపెనీ చేతికి వచ్చింది. సూరత్ రూపాయిని ఇకపై బొంబాయిలోనే కొట్టాలని ఉత్తర్వు వేశారు. 179 గ్రెయిన్ల తూకం, అందులో 164.74 గ్రెయిన్ల మేలిమి వెండి అని స్థిరపరిచారు. విచిత్రమేమిటంటే పేరు మార్చలేదు. బొంబాయిలో తయారైన రూపాయి మీద 'సూరత్‌లో ముద్రించబడినది' అనే ఉంటుంది. పాదుషా పేరు షా ఆలం. పాలనా సంవత్సరం 46. ఆ షా ఆలం 1806లో పోయాడు. నాణెం మీద మాత్రం ఆయన 46వ ఏట అలాగే బతికి ఉన్నాడు, 1835 దాకా. ఊరు అబద్ధం, ఏడు అబద్ధం, రాజు లేడు. తూకం ఒక్కటే నిజం. ఆ ఒక్కదానితోనే అది మూడు దశాబ్దాలు చెల్లింది.

బంగారంలోనూ ఇదే సూరత్ పేరు నడిచింది. మొహరు, మొహరులో మూడో వంతు, పదిహేనో వంతు. మూడో వంతును పంచియా అనేవారు, అంటే అయిదు రూపాయలది. పదిహేనో వంతు అచ్చంగా బంగారు రూపాయి. బరువు గ్రాము కూడా లేదు, ముప్పాతిక గ్రాము. చిటికెన వేలి గోరు మీద పెట్టుకోవచ్చు. మొహరుకూ రూపాయికీ తూకం ఒకటే, విలువ ఒకటికి పదిహేను. అంటే బంగారం వెండికి పదిహేను రెట్లు అని లెక్క కట్టినట్టు. అమెరికా 1792 చట్టంలో పెట్టుకున్న నిష్పత్తీ అదే పదిహేను!

*

ఆ పదిహేను నిలబడలేదు. అమెరికా 1834లో దాన్ని పదహారు చేసింది. 1870ల్లో అసలు పునాదే కదిలింది. నెవాడా గనుల్లో వెండి పొర్లింది. జర్మనీ వెండి నాణేలు వదిలేసి బంగారానికి మారింది. వెండి ధర దిగజారుతూ పోయింది. మన రూపాయి వెండి కాబట్టి అదీ దిగజారింది: 1870ల మొదట్లో రెండు షిల్లింగులకు దగ్గరగా ఉన్నది, 1892-93 నాటికి 15 పెన్నీలకు పడింది. 1893లో ప్రభుత్వం టంకశాలలను వెండి తెచ్చేవాళ్లకు మూసేసింది. సూరత్‌లో మొగలుల నాటి నుంచి ఎవరికైనా ఉన్న హక్కు అది. ఎవరి వెండి వాళ్లు రూపాయలు చేయించుకోవడం అంతటితో సరి.

స్టెల్లా పుట్టింది ఈ గందరగోళంలోనే. బంగారమా వెండా అని అమెరికాలో కొట్టుకుంటుంటే, విలియం హబ్బెల్ అనే ఆయన రెండూ కలిపేద్దాం అన్నాడు. ఒక పాలు బంగారానికి 24 పాళ్ల వెండి, కాస్త రాగి. దానికి 'గోలాయిడ్' అని పేరు పెట్టి పేటెంటు తీసుకున్నాడు. దానితో డాలరు నమూనాలు చేశారు. తళతళలాడింది. చిక్కేమిటంటే చూడ్డానికి అచ్చం వెండి. బంగారం వేశారో లేదో రసాయన పరీక్ష చేస్తే తప్ప తేలదు. బంగారం తీసేసి ఉత్త వెండితో అదే బిళ్ళ చేస్తే ఎవరు పట్టుకుంటారు? నవాబు టంకశాలకు ఇది దొరికి ఉంటే పండగే.

*

స్టెల్లాకు తర్వాత ఏమైంది? 1879లో విరబోసిన జుట్టు రకం నాలుగు వందల పైచిలుకు చేశారు. చాలావరకు పార్లమెంటు సభ్యులకు అసలు ధరకు దక్కాయి. జడచుట్టు రకం, 1880 తారీఖువి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. మామూలు జనానికి ఒక్కటీ అందలేదు. కొన్నాళ్లకు వాషింగ్టన్‌లో పేరున్న వేశ్యావాటికల యజమానురాళ్ల మెడల్లో స్టెల్లాలు లాకెట్లుగా వేలాడాయని పత్రికలు ఎకసెక్కం చేశాయి. అది నిజమో కాదో గానీ, ఇవాళ దొరికే స్టెల్లాల్లో కొన్నిటికి పైన చిల్లు పూడ్చిన మచ్చ ఉండటం మాత్రం నిజం. 1880 నాటి జడచుట్టు స్టెల్లా ఒకటి 2013లో వేలంలో పాతిక లక్షల డాలర్లు దాటింది. లోపలున్నది ఆరు గ్రాముల బంగారమే. మన షరాబుకు చెబితే తక్కెడ కింద పెట్టి నవ్వుతాడు.

*

సూరత్‌కు రావాల్సిన సొమ్ము అమెరికా పొలంలో దొరికింది. 1695లో హజ్ యాత్రికులతో, మోఖా, జిడ్డాల్లో హిందుస్థానం సరుకు అమ్మిన డబ్బుతో ఔరంగజేబు ఓడ గంజ్-ఎ-సవాయీ సూరత్‌కు తిరిగి వస్తోంది. దారిలో హెన్రీ ఎవ్రీ అనే ఇంగ్లీషు సముద్రపు దొంగ దాని మీద పడ్డాడు. వెండి బంగారాలు కలిపి 52 లక్షల రూపాయలు పోయాయని అప్పటి చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాశాడు. సూరత్‌లో జనం ఉడికిపోయారు. ఇంగ్లీషు కోఠీలో ఉన్నవాళ్లందరినీ, పెద్ద దొర శామ్యూల్ ఆన్స్‌లీతో సహా, గొలుసులు వేసి కూర్చోబెట్టారు. ఎవ్రీ ఎక్కడికి పోయాడో ఎవరికీ చిక్కలేదు. 2014లో అమెరికాలోని రోడ్ ఐలాండ్ రాష్ట్రంలో ఒక పండ్లతోటలో లోహాలు పసిగట్టే యంత్రంతో తిరుగుతున్న ఒకాయనకు అరబ్బీ అక్షరాల చిన్న వెండి నాణెం దొరికింది. యెమెన్‌లో 1693లో వేసినది. ఆ చుట్టుపక్కల రాష్ట్రాల్లోనూ అలాంటివి బయటపడ్డాయి. ఎవ్రీ మనుషులు లూటీ సొమ్ముతో అక్కడ దిగారనడానికి ఇవే గుర్తులని పరిశోధకుల వాదన.

*

మొగలుల బంగారు నాణేల్లో అన్నిటికన్నా పెద్దది ఒకటి మన హైదరాబాదుతో ముడిపడి ఉంది. జహంగీరు 1613లో ఆగ్రాలో వేయించిన వెయ్యి మొహరుల నాణెం అది. దాదాపు 12 కిలోల బరువు, 20 సెంటీమీటర్లకు పైన అడ్డుకొలత. బజారులో చెల్లించడానికి కాదు, ఇరాన్ రాయబారి లాంటివాళ్లకు బహుమతి ఇవ్వడానికి చేయించినవి ఇలాంటివి. నిజాముల ఇంటిదని చెప్పిన ఆ నాణెం 1987లో జెనీవాలో వేలానికి వచ్చింది, అమ్ముడుపోలేదు. మన సీబీఐ ఆరా తీసింది. నాణెం మళ్లీ బయటికి రాలేదు.

అంతటి నాణెం కాకపోయినా, మీ పాతింటి గోడ కూలుస్తుంటేనో, బావి పూడిక తీస్తుంటేనో ఏ సూరత్ రూపాయలో దొరికాయనుకోండి. 1664లోనూ 1670లోనూ శివాజీ దండు వచ్చినప్పుడు ఈ ఊళ్లో నేల తవ్వి దాచుకోనివాడు లేడు కాబట్టి ఇది ఉత్త ఊహ కాదు. అలా దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. స్టెల్లాకు సరిగ్గా ఏడాది ముందు, 1878లో వచ్చిన నిధి నిక్షేపాల చట్టం చెప్పిన మాట ఇది. నూరేళ్లు దాటిన నాణేన్ని దేశం దాటించకూడదని 1972 నాటి ఇంకో చట్టం అంటుంది. పది రూపాయలు అన్న ఆ హద్దును మాత్రం ఇప్పటిదాకా ఎవరూ పెంచలేదు.